ఏరు చచ్చిపోయిన తేదీ ఏదని రాయమంటారు?

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

తిరుపతి జిల్లాలో, చంద్రగిరికి దిగువన స్వర్ణముఖి ఒడ్డున సేద్యం చేసుకునే ఒక రైతు నమస్కారాలతో రాసుకునే విన్నపం.

ఏటి ఇసుక తోడేస్తున్నారని నాలుగేళ్లలో పదకొండు అర్జీలు ఇచ్చాను. పదకొండు రసీదులు వచ్చాయి, జవాబు ఒక్కటీ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయవలసి వస్తోంది.

మా ఊటకాలువ గురించి చెప్పుకోవాలి. ఏటి ఇసుకలో మా తాతలు తవ్వుకున్న కాలువ అది. పైన ఏరు ఎండినా ఇసుక కడుపులో నీరుండేది. ఆ ఊట కాలువలోకి దిగి, మెల్లగా పారి చెరువుకు చేరేది. మోటారు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఏటా మాఘమాసంలో ఇంటికొక మనిషి పార పట్టుకుని వెళ్లి పూడిక తీసేవాళ్లం. ఇప్పుడు ఏరు ఆ కాలువకంటే నిలువెత్తు లోతుకు దిగిపోయింది. రాత్రిళ్లు యంత్రాలు దింపి, అడుగున బంకమన్ను తేలేదాకా ఇసుక తోడేశారు. నీరు పల్లమెరుగు కదా, ఎత్తున మిగిలిపోయిన కాలువలోకి ఎలా ఎక్కుతుంది? గట్టున ఉన్న మంచినీళ్ల బావి చుట్టూ కూడా తవ్వేస్తే మూడు ఒరలు బయటపడ్డాయి. పిల్లలు వాటి మీద కూర్చుని ఆడుకుంటున్నారు. వాళ్ల తల్లులు బిందెలు పెట్టుకుని ట్యాంకరు కోసం రోడ్డు మీద నిలబడుతున్నారు. చెరుకు పండిన నా రెండెకరాల్లో తుమ్మచెట్లు మొలిచాయి.

ఇసుక ట్రాక్టర్లకు జరిమానా వేశాం కదా, ఇంకేం కావాలని అడిగారు ఒక అధికారి. నీళ్లు కావాలి సార్ అన్నాను.

మానవ హక్కుల సంఘానికి రాద్దామంటే 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టంలోని 36వ సెక్షన్ అడ్డుపడుతోంది. ఉల్లంఘన జరిగి ఏడాది దాటితే విచారించకూడదట. లాఠీదెబ్బకు తేదీ ఉంటుంది. పదేళ్లపాటు కొంచెం కొంచెంగా చచ్చిపోయిన ఏటికి ఏ తేదీ వేయాలి?

కాలుష్యం లేని నీరు, గాలి రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 జూలై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఆరోగ్యకరమైన పర్యావరణం మానవ హక్కు అన్న తీర్మానానికి అనుకూలంగా ఓటేసిన 161 దేశాల్లో మనదీ ఒకటి. మరుసటి ఏడాదే జన విశ్వాస్ చట్టం తెచ్చి, పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘించినవారికి ఉన్న జైలుశిక్ష తీసేసి జరిమానా పెట్టారు. అది కట్టకపోతేనే జైలు. ఇది మీకు న్యాయమనిపిస్తోందా మంత్రి గారూ? బావిని ఎండబెట్టినవాడు డబ్బు కట్టి ఇంటికి వెళ్తాడు. ఆ డబ్బులో మా ఊరికి ఒక్క బిందె నీళ్లు రావు.

ఇంత ఘోరంగా ప్రకృతిని నాశనం చేయడం మానవ హక్కుల ఉల్లంఘనే అని ఆ 1993 చట్టంలోనే స్పష్టంగా రాయించండి. నష్టం కొనసాగుతున్నంత కాలం ఆ ఏడాది గడువు లెక్కలోకి రాకూడదని కూడా రాయించండి. అదే చట్టం 30వ సెక్షన్ చెప్పిన మానవ హక్కుల కోర్టులో, మా జిల్లాలోనే, మా మాట వినే ఏర్పాటు చేయించండి. పర్యావరణ కేసులు వినే చెన్నైలోని హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లే స్తోమత మాకు లేదు.

నాకు అరవై మూడేళ్లు. ఆ కాలువలో పూడిక తీసిన వాళ్లలో ఊళ్లో ఇంకా ఆరుగురం ఉన్నాం. దయచేసి త్వరగా చేయండి.

ఇట్లు,
స్వర్ణముఖి ఒడ్డు రైతు