హకీంపేట ఎంపికల నిధి: జమా ఖర్చుల వివరణ

మన ఊరి పిల్లలను హకీంపేట క్రీడా పాఠశాల ఎంపికలకు సిద్ధం చేయడానికి వేసవిలో వసూలు చేసిన డబ్బు లెక్క ఇది. 1993లో మొదలైన ఆ ప్రభుత్వ పాఠశాలలో నాలుగో తరగతిలో సీటు దొరికితే చదువు, ఆటల శిక్షణ, వసతి, భోజనం అన్నీ ఉచితం. 'మరి చందా ఎందుకు?' అని అడిగినవారు ఉన్నారు. ఉచితమంతా సీటు వచ్చాకే. అక్కడిదాకా వెళ్లే ఖర్చు తల్లిదండ్రులదే, కూలికి వెళ్లే ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు.

జమ: గ్రామస్థుల చందాలు రూ.18,400, మన బడి పూర్వ విద్యార్థులు రూ.12,000, గణేశ్ ఉత్సవాల మిగులు రూ.5,100. మొత్తం రూ.35,500. పిల్లల చొక్కాల మీద తన పేరు వేయించాలన్న ఒక దాత డబ్బు తీసుకోలేదు.

ఖర్చులో పెద్దది బూట్లు: 14 మందికి జత రూ.650 చొప్పున రూ.9,100. గుడ్లు, పాలు, పల్లీపట్టీలకు రూ.7,880 అయింది. దీనిమీదే ఎక్కువ గొడవ జరిగింది. ఎంపికలో 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం వంటి వాటితో పాటు ఎత్తుకూ బరువుకూ మార్కులు ఉంటాయి. కాబట్టి తిండిని విలాసంగా చూడవద్దు. రెండు మెడిసిన్ బాల్స్, స్టాప్‌వాచీలు, టేపు, గీతలకు ముగ్గుపిండి కలిపి రూ.4,350. శిక్షణ ఇచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక్క రూపాయీ తీసుకోలేదు.

ప్రయాణాలు, దారి భోజనాలు: మండల స్థాయికి రూ.1,600, జిల్లా స్థాయికి రూ.2,400, హకీంపేటకు రూ.3,970. ఆడపిల్లలకూ తల్లులకూ ఆర్టీసీలో జీరో టికెట్ కాబట్టి ఇంతలో అయింది, లేకుంటే చేతులెత్తేసేవాళ్లం. ధ్రువపత్రాలు, ఫొటోలు, జిరాక్సులకు రూ.1,240. సీటు వచ్చిన ఇద్దరికి పెట్టెలు, దుప్పట్లు రూ.2,300.

మొత్తం ఖర్చు రూ.32,840. నిల్వ రూ.2,660.

14 మందిలో ఇద్దరికే వచ్చిందని, మిగతా 12 జతల బూట్లు దండగని కొందరి మాట. ఆ పిల్లలు ఇప్పటికీ పొద్దున్నే మైదానానికి వస్తున్నారు, ఆ బూట్లతోనే. వెనక్కి ఇమ్మని అడిగేది లేదు.

నిల్వ సొమ్ము తపాలా ఖాతాలో ఉంది, వచ్చే ఎంపికలకే వాడతాం. రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి. పల్లీపట్టీల దుకాణం మాత్రం తెల్లకాగితం మీదే రాసి ఇచ్చింది, దాన్నీ జతచేశాం.