ఆషాఢం వచ్చేలోపు నీ షెడ్డు గురించి

బావా,

ఫోన్‌లో నువ్వడిగినదానికి హడావుడిగా జవాబు చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం. పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదువు. పెళ్ళిళ్ళ సీజన్ నిండా ఆర్డర్లున్నా చేతిలో డబ్బు నిలవడం లేదన్నావు. సారె బీరువా టైముకి అందక ఆడపెళ్ళివారు వచ్చి షెడ్డు ముందు నిలబడ్డారని బాధపడ్డావు. ఆ రెండూ ఒకే చోట నుంచి వస్తున్నాయి.

"5ఎస్, లీన్ అంటే పెద్ద కంపెనీల వ్యవహారం, నా బీరువాల షెడ్డుకెందుకు" అన్నావు చూడు, అక్కడ మాత్రం నీతో ఒప్పుకోను. లీన్ అంటే వృథా తీసేస్తూ పనిచేయడం, 5ఎస్ అంటే పని చోటుని సర్దుకునే ఐదు మెట్లు, అంతే. ఈ పద్ధతి ఎక్కడ పెరిగిందో చూడు. 1950లో టయోటా దివాలా అంచుకి వచ్చింది. బ్యాంకులు అప్పిస్తే గానీ గడవలేదు. మనుషుల్ని తీసేయాల్సి వచ్చింది, కార్మికులు సమ్మెకి దిగారు, అధ్యక్షుడు కీచిరో టయోడా రాజీనామా చేశాడు. సరుకు కొని నిల్వ పెట్టుకునే స్తోమత లేని రోజులవి. అక్కడి మెషిన్ షాపు చూసుకునే టైచి ఓనో ఉన్న మనుషులతో, ఉన్న మెషిన్లతోనే వృథాని వెతికి వెతికి తీసేస్తూ పోయాడు. చేతిలో డబ్బు ఆడని వాళ్ళు కనిపెట్టిన పద్ధతి ఇది. మనలాంటి వాళ్ళకే ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

ఓనో వృథాని ఏడు రకాలుగా చెప్పాడు. ఎదురుచూపులు, సరుకుని అటూ ఇటూ మోయడం, మనిషి ఊరికే తిరగడం, చెడిపోయిన పీసులు, అక్కర్లేని పని, నిల్వలు, అవసరానికి మించి తయారుచేయడం. ఈ చివరిదే అన్నిటికన్నా చెడ్డదన్నాడు, మిగతావి దాని వెనకే వస్తాయి కాబట్టి. పోయినసారి ఆటోనగర్ వచ్చినప్పుడు నీ పెయింట్ బూత్ ముందు బీరువా బాడీలు వరసగా నిలబడి ఉండటం చూశాను. మనిషి నడవడానికి దారి లేదు. ఒక్కో బాడీలో రేకు డబ్బుంది, వెల్డర్ కూలీ ఉంది, కరెంటు బిల్లుంది. తాళం బిగించి ఆటో ఎక్కించేదాకా అందులోంచి రూపాయి రాదు. నీ డబ్బంతా అక్కడే నిలబడి ఉంది బావా. పైగా మోస్తున్నప్పుడు గీతలు పడి మళ్ళీ లప్పం పెట్టాల్సి వస్తోంది.

వెల్డింగ్ వాళ్ళ తప్పేం లేదు. పీసు రేటు కాబట్టి వాళ్ళు ఎన్ని చేస్తే అంత. పెయింట్ దగ్గర మాత్రం ప్రైమర్ ఆరాలి, లప్పం రుద్దాలి, స్ప్రే కొట్టాలి, మళ్ళీ ఆరాలి. షెడ్డు నుంచి రోజుకి ఎన్ని బీరువాలు బయటికి వెళ్ళాలో తేల్చేది ఆ బూత్ వేగమే. అందుకని బూత్ ముందు నేల మీద పసుపు పెయింట్‌తో కొన్ని గళ్ళు గీయించు. గళ్ళు నిండితే కొత్త బాడీ మొదలుపెట్టకూడదు, వెల్డర్లు వచ్చి లప్పం రుద్దడంలో చెయ్యి వేయాలి. ఆ గంటలకి కూలీ విడిగా కట్టివ్వు. వాళ్ళ కూలీ తగ్గితే ఏ పద్ధతీ నీ షెడ్డులో నిలవదు, ఇది మాత్రం మర్చిపోకు.

5ఎస్ గురించి అడిగావుగా. జపాన్ పేర్లు సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. చివరి మూడూ శుభ్రం చేయడం, అందరూ ఒకే తీరు పాటించడం, దాన్ని అలవాటు చేసుకోవడం. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. సెయిరి అంటే అక్కర్లేనిది తీసేయడం, అక్కడ మొదలుపెట్టు. అనుమానం ఉన్న ప్రతి వస్తువుకీ ఎర్ర కార్డు కట్టి, తేదీ రాసి, ఓ మూల పెట్టించు. నెల దాటినా ఎవరూ అడగలేదంటే స్క్రాప్ వాడికి ఇచ్చెయ్. పాత మోడల్ హ్యాండిళ్ళు, తుప్పు పట్టిన తాళాల డబ్బాలు, తెగిపోయిన రేకు ముక్కలు... సగం షెడ్డు ఖాళీ అవుతుంది చూడు.

తర్వాతది సెయిటన్, దేని చోటు దానికి. మా లేత్ పక్కన ఒక ప్లైవుడ్ బోర్డు ఉంది. పసుపు రంగు వేసి, ప్రతి స్పానర్‌నీ దాని మీద ఆనించి చుట్టూ నల్ల పెయింట్‌తో గీత గీశాం. పదిహేడో నంబరు స్పానర్ లేకపోతే దాని ఆకారం నల్లగా ఖాళీగా కనిపిస్తుంది, గుమ్మంలోంచే తెలిసిపోతుంది. కొత్తగా వచ్చిన హెల్పర్ కుర్రాడు కూడా ఎవర్నీ అడక్కుండా తీసుకుని, అదే చోట పెడతాడు. ఇదివరకు "ఎలెన్ కీ ఎక్కడ్రా" అనే కేక మెషిన్ల చప్పుడు మించి వినపడేది.

నీ బెండింగ్ మెషిన్ డై (రేకుని వంచే అచ్చు) మార్చడానికి పూటంతా పోతోందన్నావు. షిగియో షింగో అనే ఇంజనీరు దీని మీదే పనిచేశాడు. 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్ మీద డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. దాన్ని ముందు గంటన్నరకి, చివరికి మూడు నిమిషాలకి తెచ్చారు. మెషిన్ ఆగి ఉన్నప్పుడే చేయాల్సిన పనేది, నడుస్తుండగా చేసుకోగలిగే పనేది అని విడదీశారు. నువ్వు కూడా తర్వాతి డై, బోల్టులు, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకు ముక్కలు) ముందే ట్రాలీలో పెట్టించి మెషిన్ పక్కకి చేర్పించు. బోల్టులన్నీ ఒకే సైజువి పెట్టిస్తే ఒకే స్పానర్ సరిపోతుంది. మూడు నిమిషాలు మనకి రావు, పూట మాత్రం మిగులుతుంది.

ఇవన్నీ నువ్వు చెప్పి చేయించొద్దు. మీ పెద్ద మేస్త్రి చేతికి సుద్దముక్క ఇచ్చి, ఏది ఎక్కడుండాలో ఆయన్నే గీయమను. ఇన్నేళ్ళుగా ఆ షెడ్డు లెక్కంతా ఆయన తలలోనే ఉంది. ఆయన ఊరెళ్తే నీకు టెన్షన్ మొదలవుతుంది. ఆ తలలో ఉన్నది కాస్త గోడ మీదికి రావాలి, అదీ ఆయన గౌరవం తగ్గకుండా.

డబ్బు సంగతి. 2023 మార్చిలో కేంద్ర ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ లీన్ స్కీం మొదలుపెట్టింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే చాలు, నీకు ఉంది కదా. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. కన్సల్టెంట్ ఫీజులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుందని అప్పుడు ప్రకటించారు. గళ్ళు, ఎర్ర కార్డులు నీ అంతట నువ్వు నడిపించాక అప్లై చెయ్, వచ్చినవాడితో ఏం పని చేయించుకోవాలో నీకే తెలుస్తుంది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, నీకు పని పల్చబడుతుంది. శ్రావణం రష్ మొదలయ్యేలోపు అదే మంచి సమయం. నేనూ వస్తాను, ఎర్ర కార్డులు ఇక్కడే బాలానగర్‌లో కొట్టించి తెస్తాను. ఈలోగా ఒక్క పని చెయ్. రోజూ సాయంత్రం షట్టర్ దించేముందు బూత్ ముందు ఎన్ని బాడీలున్నాయో లెక్కపెట్టి గోడ మీద సుద్దతో రాయించు. మేస్త్రి గారికి నా నమస్కారాలు చెప్పు, నేను వస్తున్నట్టు ఆయనకి ముందే చెప్పి ఉంచు.

నీ
బావ