బన్నింపడు అంటే బన్ను తినడని కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేజీలో ఒక పాత పద్యాల పుస్తకాన్ని సమీక్షించినవారు అందులో ఫుట్‌నోట్లు లేనందుకు మెచ్చుకున్నారు. కన్ను పైకీ కిందికీ తిరక్కుండా చదువు హాయిగా సాగిందట. ఆయన చదువుకున్నవారు, సాగే ఉంటుంది. మా ఇంట్లో ఎలా సాగిందో చెబుదామని ఈ ఉత్తరం.

నేను తెనాలిలో కంపోజిటర్‌ని. అంటే ఒకప్పుడు. 1968లో ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి ప్రెస్సులో చేరాను. సీసం అక్షరాలు కేసులోంచి ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చే పని. ఫుట్‌నోట్లున్న పుస్తకమంటే మాకు చచ్చే చావు. పైన పద్యం 12 పాయింటు అక్షరాల్లో, మధ్యలో సన్న గీత, కింద టీక, అంటే మాటల అర్థాలు, ఇంకా చిన్న 10 పాయింటులో. పేజీ కట్టి దారం చుట్టేశాక పండితులుగారు తాపీగా ప్రూఫులో ఇంకో రెండు ముక్కలు చేర్చేవారు. పైన ఒక లైను జరిగిందంటే దాని నోటు కూడా పక్క పేజీకి పోవాలి. ఆ పేజీలోది ఆపై పేజీకి పోవాలి. కట్టినవన్నీ విప్పి మళ్లీ కట్టుకోవడమే. ఈ కింది గోల ఎవడు చదువుతాడని ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్క లేదు.

చదివింది నేనే. పైన పద్యం అక్షరం చూసి అక్షరం పేర్చేవాణ్ని, ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. గీత కిందికి వచ్చేసరికి తెలిసేది. నాకొచ్చిన కాస్త తెలుగూ ఆ 10 పాయింటు టైపులో వచ్చిందే. (ఫుట్‌నోటుని అధోజ్ఞాపిక అనాలని ఒకాయన పట్టుబట్టేవారు. ఆ మాటకే కింద ఒక నోటు వేయాలి.)

ఇక అసలు సంగతి. నేను కంపోజు చేసిన పుస్తకాల్లో పోతన గజేంద్రమోక్షం, టీకా తాత్పర్యాలతో, ఒక ప్రతి నా దగ్గర ఉంది. మొన్న వానాకాలం బీరువాలో చెదలు పట్టి పేజీల కింది భాగం తినేశాయి. పద్యాలు మిగిలాయి, టీక పోయింది. జనవరిలో విజయవాడ వెళ్లి పుస్తక ప్రదర్శనలో కొత్త పుస్తకం ఒకటి కొన్నాను. నున్నటి కాగితం, రంగుల అట్ట. ఇంటికొచ్చి తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలికిచ్చి చదవమన్నాను. "సిరికిం జెప్పడు" బాగానే చదివింది. "అభ్రగపతిం బన్నింపడు" దగ్గర ఆగింది.

"బన్ను తినడా తాతయ్యా?"

నవ్వానుగానీ, ఆ పిల్ల తప్పేముంది? పుస్తకంలో చూస్తే "సిరి అంటే లక్ష్మి" అని ఉంది. అది ఆ పిల్లకి ముందే తెలుసు. అభ్రగపతి ఊసే లేదు. తాత్పర్యమని రెండు లైన్లు రాసి, విష్ణువు ఆత్రంగా బయల్దేరాడని సరిపెట్టారు. పాతదాంట్లో ఆ మాట కింద ఏముండేదో నాకు చేతి వేళ్లకి కూడా గుర్తు. అభ్రం అంటే ఆకాశం, అభ్రగం అంటే ఆకాశంలో తిరిగేది, పక్షి. పక్షులకు పతి గరుత్మంతుడు. పన్నించడం అంటే సిద్ధం చేయించడం. ముందున్న ద్రుతం, అంటే మాట చివరి నకారం, వల్ల ప కాస్తా బ అయింది. ఇంతే. మూడు లైన్లు పట్టదు. అది చెప్పాక పిల్ల, "అంటే బండి తియ్యమని కూడా చెప్పకుండా పరిగెత్తాడన్నమాట" అంది. అంతకంటే మంచి తాత్పర్యం నేనింతవరకు కంపోజు చేయలేదు.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మాట ఒకటి ఏదో పుస్తకం ముందుమాటలో కంపోజు చేశాను: "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే." ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని. ఆయనది మన మెదక్ జిల్లా కొల్చారమే. ఆ సంస్కృతం లైను పేర్చడానికి నాకు పూటంతా పట్టింది కాబట్టి మరిచిపోలేదు. సిరి అంటే లక్ష్మి అని రాసేవాళ్లు ఆ రెండో సగం ఒకసారి చూస్తే బావుండు.

నోటు మానేయడం ఒక రకం. ఇంకో రకం ఇంకా ఘోరం, నోటు రాయడం బద్ధకమై మూలాన్నే మార్చేయడం. పాత కథల పుస్తకం కొత్త ముద్రణ ఒకటి చూశాను. పాతదాంట్లో ఒకడు బండివాడికి బేడ ఇస్తాడు. కొత్తదాంట్లో రెండు రూపాయలిస్తాడు! బేడ అంటే రెండణాలు, రూపాయిలో ఎనిమిదో వంతు. 1957లో నయాపైసలొచ్చాక పన్నెండున్నర పైసలు. ఈ ముక్క కింద వేస్తే సరిపోయేది. ఇప్పుడా కథలో నెలకి పది రూపాయల జీతగాడు బండికి రెండు రూపాయలు ధారపోసే షోకిలా అయ్యాడు.

నోట్లన్నీ పుస్తకం చివర కుప్పపోసే పద్ధతి గురించి ఏం చెప్పను? కంపోజిటర్‌కి సుఖం. చదివేవాడు వేలు ఒకచోట పెట్టి, కళ్లజోడు సర్దుకుని, వెనక్కి తిప్పేలోగా చదువుతున్న పద్యం మరిచిపోతాడు. ఇప్పుడు కంప్యూటరులో పైన లైను జరిపితే కింది నోటు దానంతటదే జరుగుతుందట. మా కష్టమే లేనప్పుడు మళ్లీ అదే పేజీలో వేయడానికేం?

చివరగా ఒక విన్నపం. తెనాలి, విజయవాడ ప్రెస్సుల్లో 1970ల్లో అచ్చయిన గజేంద్రమోక్షం టీకతో, కింది భాగం చెడకుండా మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే మీ ఆఫీసుకు తెలియజేయమనండి. నేనే వచ్చి జిరాక్సు తీయించుకుని, పుస్తకం అప్పటికప్పుడే తిరిగిచ్చేస్తాను. పిల్ల ఇంకా ఆ పద్యంలోనే "వివాదప్రోత్థిత" అన్న మాట దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక పాత కంపోజిటర్, తెనాలి