ఆదివారం సాయంత్రం కౌంటర్ ఎందుకు మూస్తున్నానంటే

అందరికీ నమస్కారం అండి. మైక్ సెట్లు అద్దెకి తీసుకునేవాళ్ళకి, ఆంప్లిఫైయర్లు రిపేరుకి ఇచ్చినవాళ్ళకి, ఆదివారం సాయంత్రం ఎల్పీలు, అంటే పెద్ద నల్ల రికార్డులు, వినడానికి వచ్చేవాళ్ళకి, అందరికీ కలిపి ఒకటే రాస్తున్నాను. విడివిడిగా సమాధానాలు చెప్పే ఓపిక లేదు. ఆషాఢం కదా, ముహూర్తాలు లేవు, హారన్లన్నీ గోడకి ఆనుకుని పడుకున్నాయి, రాయడానికి ఇప్పుడే కాస్త తీరిక దొరికింది.

ముందు తిట్లు తినాల్సిన విషయం. ముగ్గురి ఆంప్లిఫైయర్లు ఇచ్చి ఇరవై రోజులు దాటిపోయింది, ఇంకా ఇవ్వలేదు. తప్పు నాదే. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కొన్నాను, టూ ఎన్ త్రీ జీరో డబుల్ ఫైవ్ అని పైన చక్కగా అచ్చు వేసుంది, బిగించి లోడ్ పెడితే పావుగంటలో పొగ. డూప్లికేట్ సరుకు. ఇన్నేళ్ళ సర్వీసు ఉండి కూడా చేత్తో పట్టుకున్నప్పుడే బరువు తేడా గమనించలేదంటే ఏం చెప్పమంటారు. రెండోసారి వేరేచోట తెప్పించాను, అవి వచ్చేయి, ఒకటి రెడీ అయ్యింది, మిగతా రెండూ ఈ వారంలో అయిపోతాయి. ట్రాన్సిస్టర్ల డబ్బులు మీ దగ్గర ఒక్కసారే తీసుకుంటాను, కాలిపోయినవి నా ఖాతా.

ఇక రెండో గొడవ. "ఆదివారం సాయంత్రం షట్టర్ సగం దించేసి లోపల ఇంగ్లీషు పాటలు పెట్టుకుని కూర్చుంటున్నావంట, ఒక్క పాట కోసం కౌంటర్ మూసేస్తావా" అని మొన్న ఒకాయన ఫోన్లో అరిచేరు. ఆయన కోపంలో అన్నా గానీ కరెక్ట్ మాటే అన్నారు. అది నిజంగానే ఒక్క పాటండి. నలభై మూడు నిమిషాల పైన ఉంటుంది.

జెథ్రో టల్ అని ఇంగ్లండు బ్యాండు, దాన్ని నడిపించే ఆయన పేరు ఇయన్ ఆండర్సన్. స్కాట్లండులో పుట్టినాయన, ఫ్లూటు వాయిస్తాడు, పాడతాడు, పాటలు రాస్తాడు. 1971లో ఆక్వాలంగ్ అని రికార్డు వేస్తే పేపర్లవాళ్ళంతా ఇది కాన్సెప్ట్ ఆల్బమ్ అని రాసేరు, అంటే మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకటే కథో ఒకటే విషయమో నడిచే రికార్డు అన్నమాట. కాదు మొర్రో అని ఆయన చెప్పినా వినలేదు. సరే మీకు అదే కావాలా, అయితే కాన్సెప్ట్ ఆల్బమ్‌లన్నిటికీ అమ్మమొగుడు లాంటిది చేసి చూపిస్తానని వెటకారానికి చేసిందే ఆ తర్వాతి ఏడాది, 1972లో వచ్చిన థిక్ ఆజ్ ఎ బ్రిక్. మన భాషలో మట్టిబుర్ర అనుకోండి. ఎల్పీకి రెండు వైపులు ఉంటాయి కాబట్టి మధ్యలో తిప్పాలి గానీ లేకపోతే పాట ఒకటే. వెటకారానికి చేసింది కాస్తా అమెరికాలో నంబర్ వన్ అయి కూర్చుంది. ఎనిమిదేళ్ళ కుర్రాడు రాసిన పద్యానికి బాణీ కట్టాం అని అట్ట మీద వేసుకున్నారు, ఆ కుర్రాడూ లేడు, పద్యం పోటీలూ లేవు, అన్నీ ఆండర్సన్ రాసుకున్నవే, కానీ చాలామంది నమ్మేశారంట.

ఆ అట్ట సంగతి చెప్పకుండా ముందుకెళ్ళలేను. అట్ట అంటే అట్ట కాదు, పన్నెండు పేజీల న్యూస్ పేపరు. ఊళ్ళో వాళ్ళ కోసం వేసుకునే చిన్న పేపరు ఎలా ఉంటుందో అలా, మన జిల్లా ఎడిషన్ లాగే అనుకోండి, ఫలానా కుర్రాడికి ఇచ్చిన బహుమతి వెనక్కి తీసుకున్నారు అని మొదటి పేజీలో వార్త, లోపల ఊరి కబుర్లు, గళ్ళనుడికట్టు, చుక్కలు కలిపే బొమ్మ, ఆఖరికి అదే రికార్డు మీద సమీక్ష కూడా వాళ్ళే రాసేసుకున్నారు. నా దగ్గరున్న కాపీ ఒక కస్టమర్ గారి అబ్బాయి లండన్లో చదువుకుని వస్తూ తెచ్చిచ్చింది. మన తేమకి మడతల దగ్గర కాయితం ఉబ్బి అప్పడంలా అయ్యింది, ఒక మూల పురుగు కొట్టింది, పెళ్ళి ఆల్బమ్‌లకి వేసే మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. పోస్టాఫీసులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు వస్తారు, మొదటి వైపు అయ్యేదాకా పాట మీద ధ్యాసే ఉండదు, కళ్ళజోడు పైకి ఎత్తుకుని ఆ పేపరే చదువుతారు. మొన్న గళ్ళనుడికట్టు నింపడానికి పెన్ను తీశారండి! చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇంతకీ ఒక్క ముక్క వేసి ఆపేయొచ్చు కదా అంటారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. "ఆ ఫ్లూటు బిట్టు వెయ్యండి" అంటే సూది అక్కడ పెట్టేవాణ్ణి. అది హరికథకి వెళ్ళి దాసుగార్ని పిట్టకథ ఒక్కటీ చెప్పి దిగిపొమ్మన్నట్టు ఉంటుందని నాకే తర్వాత తెలిసింది. మా నాన్న నాటకాలకి మైకులు కట్టేవారు, రాత్రి తొమ్మిదికి మొదలైతే కోడి కూసేదాకా, పడకసీను పద్యాలకి వన్స్ మోర్లు పడేకొద్దీ నాటకం ఇంకా సాగేది, నేను ఆంప్లిఫైయర్ పక్కన గోనెపట్టా మీద పడుకుని నిద్రలోనే వినేవాణ్ణి. ఒక రాగం ఎత్తుకుని ఎక్కడెక్కడో తిరిగి తెల్లారగట్ల మళ్ళీ అదే రాగానికి వచ్చినప్పుడు నిద్రలో కూడా తెలిసేది. ఈ రికార్డులోనూ అంతే, మొదట్లో గిటారు మెల్లిగా ఒంటరిగా వస్తుంది, మధ్యలో ఆర్గాన్లు డ్రమ్ములు తుఫాను లాగా పోతాయి, రెండో వైపు చివర్లో ఆ గిటారే మళ్ళీ వస్తుంది. మొదటి నుంచి కూర్చున్నవాడికే అది తగులుతుంది, మధ్యలో వచ్చినవాడికి అదో గిటారు అంతే.

మా డోలు మాస్టారు (మేళానికి మైకు ఎప్పుడూ మా దగ్గరే) తొడ మీద తాళం వేసుకుంటూ విన్నారు, పది నిమిషాలకి చెయ్యి ఆపేసి "ఏవండీ, నా లెక్క తప్పిందా వాడిదా" అన్నారు. వాళ్ళు తాళం మారుస్తూనే ఉంటారు, తప్పడం కాదు. సన్నాయి ఆయనకి మాత్రం వేరే అనుమానం, ఊదుతూనే గొంతు కలుపుతున్నాడేంటి అని. కలుపుతాడు, అదే ఆయన స్టయిలు. గిటారు ఇచ్చేసి ఫ్లూటు తీసుకుని ఎవరి దగ్గరా నేర్చుకోకుండా వాయించేశాడు, ఇరవై ఏళ్ళు పైగా ప్రపంచమంతా వాయించాక కూతురు స్కూల్లో ఫ్లూటు నేర్చుకుంటుంటే చూసి అప్పుడు తెలిసిందంట తను వేళ్ళు తప్పుగా పెడుతున్నానని. నలభై దాటాక మళ్ళీ మొదట్నించి నేర్చుకున్నాడు. ఆ మాట చెప్తే సన్నాయి ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఫోటోలు చూపిస్తే అందరూ నవ్వేది ఒంటికాలి మీద నిలబడి ఫ్లూటు వాయించడం చూసి. చెరువు గట్టు మీద కొంగలా ఉన్నాడు అన్నాడు యలమంచిలి వైపు రొయ్యల చెరువులు చేసే అబ్బాయి. ఆ అబ్బాయికి ఇంకో సంగతి చెప్పాను, ఆండర్సన్ 1978లో స్కై అనే దీవిలో ఎస్టేట్ కొని సాల్మన్ చేపల పెంపకం పెట్టాడు, సరదాకి కాదు, పెద్ద వ్యాపారమే చేశాడు, తర్వాత అమ్మేశాడు. అంతే, ఆ రోజు నుంచి మన చెరువుల వాళ్ళకి ఆయన సొంత మనిషి అయిపోయాడు, "మన సాల్మన్ అన్నయ్య రికార్డు ఏదండీ ఈ వారం" అంటారు. ఆ బ్యాండు పేరు కూడా వ్యవసాయానిదే. జెథ్రో టల్ అని మూడొందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక ఆసామి, 1701లో గుర్రానికి కట్టి విత్తనాలు వరసలో వేసే గొర్రు తయారు చేశాడు, ఇప్పుడు మన చేలల్లో డ్రమ్ సీడర్ లాగుతున్నారే, దానికి తాత అనుకోండి. ఈ బ్యాండువాళ్ళు మొదట్లో క్లబ్బుల్లో వాయించినప్పుడు నచ్చక మళ్ళీ పిలిచేవాళ్ళు కాదంట, అందుకని పేరు మార్చుకుని మళ్ళీ వెళ్ళేవాళ్ళు, ఆ పేర్లలో ఇది పెట్టుకున్న వారం మళ్ళీ పిలిచారు, అది ఉండిపోయింది. మన బ్యాండు మేళాల్లో ఈ తెలివి ఎవరికీ రాలేదేంటో.

ఇప్పుడు ఫోన్ల సంగతి. పాట నడుస్తుంటే ఫోన్లు ఆపాలి అని రూలు పెట్టాను కదా, అది మారుస్తున్నాను. మొన్న రెండో వైపు నడుస్తోంది, అందరూ కదలకుండా వింటున్నారు, ఆ యలమంచిలి అబ్బాయి సైలెంట్‌లో పెట్టిన ఫోన్ జేబులో వెలుగుతూనే ఉంది, చూసుకోలేదు. పాట అయ్యాక చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ అవ్వలేదు, నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి, మబ్బు పట్టిన రోజు, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉంటుందో చెరువు చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బండి తీశాడు. దేవుడి దయ, పక్క చెరువాయన జనరేటర్ లాక్కొచ్చి పెట్టేడు, పెద్దగా పోలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్రలేదు. కాబట్టి చెరువులున్న వాళ్ళు ఫోన్లు ఆన్‌లోనే ఉంచుకోండి, మోగితే మోగనివ్వండి, ఎవరూ మొహం చిట్లించకూడదు. సాల్మన్ అన్నయ్య ఉన్నా ఇదే మాట అనేవాడు.

డబ్బుల విషయం కూడా దాచను. టికెట్ వంద పెట్టి చూశాను. ఆ ఆదివారం ముగ్గురొచ్చారు, అందులో ఒకడు మా బావమరిది, వాడు ఇవ్వలేదు. టికెట్ తీసేశాను. టీ, పకోడీ ఖర్చుకి డబ్బా పెట్టాను, తోచింది వెయ్యండి, వెయ్యకపోయినా అడగను. దీనివల్ల నాకు లాభం ఏమీ లేదు, టర్న్‌టేబుల్ బెల్టు ఒకటి సాగిపోయి స్పీడు తగ్గి పాటంతా నిద్రమత్తులో పాడినట్టు వచ్చింది, కొత్త బెల్టుకి నా జేబులోంచే పోయింది. అద్దెల మీద వచ్చేదే నా తిండి. అందుకే శ్రావణం మొదలైతే ఆదివారాలు ఉండవు, పెళ్ళిళ్ళు, ఆ వెంటనే చవితి పందిళ్ళు, దసరా, కార్తీకం. మళ్ళీ మూఢమో శూన్యమాసమో వచ్చినప్పుడే రికార్డులు.

అద్దెలంటే గుర్తొచ్చింది, దిండి దగ్గర నిశ్చితార్థం జరిపించుకున్న కుటుంబానికి అందరి ముందు క్షమాపణ చెప్పాలి. నేను ఎల్పీని పెన్‌డ్రైవ్‌లోకి ఒకే ఫైలుగా ఎక్కించుకున్నాను, ఆపరేటర్ కుర్రాడు సన్నాయి పాటల పెన్‌డ్రైవ్ అనుకుని అది పట్టుకుని చించినాడ బ్రిడ్జి దాటేశాడు. భోజనాల టైములో పెట్టేడు. మొదట గిటారు, ఫ్లూటు హాయిగా ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు, పూతరేకులు వడ్డించే వేళకి డ్రమ్ములు అందుకున్నాయి. ఈ పాట అయ్యాక మారుస్తాలే అని మా వాడు కూర్చున్నాడు. అది అవుతుందా! పెళ్ళికూతురి తాతగారు వచ్చి "బాబూ, ఈ పాట ఈ పూటకి అయిపోద్దా" అని అడిగేరంట. అద్దెలో ఐదొందలు తగ్గించాను, పెళ్ళికి కూడా మమ్మల్నే పిలిచారు, వాళ్ళ మంచితనం. ఆ పెన్‌డ్రైవ్‌కి ఎర్ర టేపు చుట్టేశాను.

వచ్చే ఆదివారం వేసేది ఆ జెథ్రో టల్ వాళ్ళదే, ఎ పాషన్ ప్లే, 1973ది. ముందే చెప్పేస్తున్నా, నాకు ఇది మట్టిబుర్ర అంత నచ్చదు, కొంచెం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. నర్సాపురం నుంచి వచ్చే లెక్చరర్ గారు మాత్రం ఇదే గొప్పదని రెండేళ్ళుగా నాతో దెబ్బలాడుతున్నారు. అప్పట్లో విమర్శకులు దీన్ని చీల్చి చెండాడేరు, జనం మాత్రం కొని అమెరికాలో మళ్ళీ నంబర్ వన్ చేసేరు. మొదట ఫ్రాన్సులో ఒక పాత కోటలో ఉన్న స్టూడియోలో వేరే సరుకు రికార్డు చేశారు, అక్కడ మెషిన్ల గొడవ, మనుషులకి జబ్బులు, చేసిందంతా పక్కన పడేసి ఇంగ్లండు వచ్చి తక్కువ రోజుల్లో ఇది కొత్తగా కట్టారు. కాలిపోయిన ట్రాన్సిస్టర్లు పీకేసి మళ్ళీ మొదలెట్టిన నాకు ఆ బాధ ఈ నెల బాగా అర్థమైంది.

కథ మనకి కొత్తది కాదు. ఒకాయన చచ్చిపోతాడు, తన అంత్యక్రియలు తనే చూస్తాడు, అక్కడ ఆయన బతుకంతా సినిమా వేసి చూపిస్తారు (మనకైతే చిత్రగుప్తుడి చిట్టా), స్వర్గం విసుగొస్తుంది, నరకమూ పడదు, చివరికి వెనక్కి వచ్చేస్తానంటాడు. సరిగ్గా మధ్యలో కథ ఆపేసి కళ్ళజోడు పోగొట్టుకున్న కుందేలు కథ ఒకటి చెప్తారు, బాస్ గిటారు వాయించే ఆయన గొంతుతో. ఇదెందుకు మధ్యలో అని లెక్చరర్ గారిని అడిగితే పావుగంట ఏదో చెప్పారు, నాకెక్కలేదు. డోలు మాస్టారు ఒక్క ముక్కలో తేల్చేశారు, "తోలుబొమ్మలాటలో కేతిగాడు వచ్చినట్టండి."

సాయంత్రం ఆరుకి సూది పెడతాను. ఆరు దాటి వస్తే షట్టర్ కొట్టకండి, అరుగు మీద కూర్చుని వినండి, వైపు తిప్పేటప్పుడు లోపలికి రండి. పక్క మేడ మీద పరీక్షలకి చదువుకునే పిల్లలున్నారు కాబట్టి సౌండు పెంచమని అడగొద్దు. రిపేరు పనులు ఆదివారం నాలుగున్నర దాకే తీసుకుంటాను.

పెనుగొండ గుడి వాళ్ళ ఆంప్లిఫైయర్ రెడీగా ఉంది, రెండు హారన్ యూనిట్లకి డయాఫ్రమ్‌లు కూడా మార్చాను. వచ్చేటప్పుడు పాత చీటీ తెచ్చుకోండి, నా దగ్గరున్న సగం వాన నీళ్ళకి తడిసి అక్షరాలు పోయాయి.