గరిటె వాళ్ళ చేతికివ్వు

కూర్మన్నపాలెం

అమ్మలూ,

ఇంట్లోనే బల్ల వేసి, డబ్బులు తీసుకుని కొత్తవాళ్ళకి భోజనం పెట్టే నీ సప్పర్ క్లబ్‌కి వచ్చి ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయానని అలిగావట. చెప్పడానికి నువ్వు బయటికొస్తే కదా! రాత్రంతా పొయ్యి దగ్గరే ఉన్నావు.

వంటకి వంక పెట్టను. కోనాం చేప పులుసు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, చివర్లో మాడుగుల హల్వా, అన్నీ బాగున్నాయి. కానీ జంటలుగా వచ్చినవాళ్ళు జంటలుగానే మాట్లాడుకున్నారు. నా పక్కన కూర్చున్న ఐటీ కుర్రాడు ఒంటరిగా వచ్చాడు, ఫోన్ చూసుకుంటూ తిన్నాడు. బల్ల మీద చేతులు మారింది పులుసు గిన్నె ఒక్కటే, అది అతని ముందు ఆగిపోయింది. ఎదుటావిడ "బాబూ, కాస్త ఇటు" అంటే లేచి తనే వడ్డించాడు. తలకాయ ముక్క తనకొద్దన్నాడు. "అయితే నాకే వెయ్యి" అందావిడ. ఆవిడది భీమిలి, ఇతని అమ్మమ్మదీ భీమిలేనట. ఇక ఆ ఫోన్ జేబులోంచి బయటికి రాలేదు.

అందుకే ప్లేట్లు సర్ది పంపించడం మానెయ్. గిన్నెలు బల్ల మధ్యలో పెట్టి గరిటె వాళ్ళ చేతికివ్వు. స్టీల్‌ప్లాంట్ వాళ్ళ ఉక్కునగరంలో కార్తీక వనభోజనాలప్పుడు చూశాం కదా, బంతిలో సాంబారు బకెట్ పట్టుకుని తిరిగినవాడికి సాయంత్రానికి అందరి పేర్లూ నోటికొచ్చేసేవి. విస్తరి ముందు కూర్చుని తిని లేచినవాడికి పక్కవాడు ఏ డిపార్ట్‌మెంటో కూడా తెలిసేది కాదు.

డబ్బులు ముందే ఫోన్‌పే చేయించుకో, మొహమాటపడకు. ఆహార భద్రత వాళ్ళిచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాగితం కనపడేలా తగిలించు.

ఇక చేపల సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఇంజిన్ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆపుతారు. అప్పుడు ఎక్కడిదో ఐసు కోనాం తెచ్చి పులుసు పెట్టకు. ఎండు నెత్తళ్ళు వేసి వంకాయ కూర వండు, మామిడికాయ పప్పు చెయ్యి. కోనాం ఎందుకు లేదని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ రాత్రికి నీకు రోజూ చేపలిచ్చే పెద్దావిణ్ణి పిలిచి బల్ల దగ్గర కుర్చీ వెయ్యి. ఏ నెలలో ఏ చేప రుచో, బేరం దగ్గర మొప్పలెత్తి ఎందుకు చూడాలో ఆవిణ్ణే చెప్పమను. నీకంటే బాగా చెబుతుంది. ఆ పూట ఆవిడ బేరం పోతుంది కాబట్టి భోజనం పెట్టి ఊరుకోకుండా కవర్‌లో డబ్బులు కూడా పెట్టివ్వు.

వచ్చినవాళ్ళ బళ్ళు కింద ఓనర్ గేటుకి అడ్డం పెడుతున్నారు. ఆయన ఇంకా ఏమీ అనలేదు, అనేలోపు ఆయన్నీ ఒకసారి భోజనానికి పిలువు.

వచ్చే నెల తారీఖు చెప్పు, వడ్డనకి నేనొస్తాను. అమ్మ కూడా వస్తానంటోంది. వంటగదిలోకి మాత్రం రానివ్వకు, పులుసులో బెల్లం వేసేస్తుంది.

నాన్న