వందేళ్ల దాకా ఆగలేని కట్టడాలు: కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

2017 ఏప్రిల్ 23 రాత్రి ఢిల్లీ ప్రగతి మైదానంలో హాల్ ఆఫ్ నేషన్స్‌ను కూల్చివేశారు. అప్పటికి దాని వయసు 45 ఏళ్లు. స్వాతంత్ర్య రజతోత్సవ వేళ, 1972 నాటి అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన కోసం ఆర్కిటెక్ట్ రాజ్ రేవాల్, ఇంజనీరు మహేంద్ర రాజ్ కలిసి దానిని రూపొందించారు. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా అంత పెద్ద హాలు నిలబడాలంటే ఉక్కు కడ్డీల చట్రం వాడడం పరిపాటి. ఆ రోజుల్లో మనకు ఉక్కు కరువు కనుక, అదే చట్రాన్ని అక్కడికక్కడే సెంట్రింగ్ కట్టి, చేతిపనితో కాంక్రీటులో పోశారు. విద్యార్థిగా పుస్తక ప్రదర్శనకు వెళ్లిన నేను పుస్తకాల మాట మరచి పైకి చూస్తూ నిలబడిపోయాను. కాంక్రీటు దూలాలు ముడి ముడి దగ్గర వచ్చి కలుసుకుంటున్నాయి, వాటి నడుమ ఉన్న లోతైన త్రికోణాలు ఎండను ఆపి వెలుతురును మాత్రం లోపలికి దించుతున్నాయి. కప్పును మోసేదే నీడనూ ఇస్తోంది, అలంకారం కోసం అతికించినది ఒక్కటీ లేదు. నిరాడంబరంగా, పనికి తగ్గట్టు కట్టాలన్న ఆధునిక వాస్తుశిల్ప సూత్రం నాకు తరగతి గదిలో కన్నా అక్కడే బాగా అర్థమైంది.

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వందేళ్లు నిండిన వాటినే గుర్తిస్తుంది. ఢిల్లీలో వారసత్వ కమిటీ 60 ఏళ్లు నిండాలన్నది. స్వతంత్ర భారతం తన కోసం కట్టుకున్న భవనాలలో ఏ ఒక్కటీ ఇంకా వందేళ్లకు చేరలేదు. మన దేశంతో సహా ఏడు దేశాలు కలిసి యునెస్కోకు సమర్పించిన ప్రతిపాదనలో భాగంగా, ఆర్కిటెక్ట్ లె కార్బుసియే చండీగఢ్‌లో రూపొందించిన ప్రభుత్వ భవన సముదాయం కాపిటల్ కాంప్లెక్స్‌కు 2016లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. దాని వయసును అక్కడ ఎవరూ అడ్డంకిగా చూడలేదు. అహ్మదాబాద్ ఐఐఎంలో అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కట్టిన ఇటుక వసతి గృహాలలో చాలావాటిని తొలగించాలని 2020 డిసెంబరులో నిర్ణయించినప్పుడు, ఆ ఆలోచనను తాత్కాలికంగానైనా ఆపింది చట్టం కాదు, దేశవిదేశాల నుంచి వచ్చిన నిరసన.

ఈ భవనాలు కారుతాయి, కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పడుతుంది, మరమ్మతు ఖర్చుతో కూడిన పని. ఇవి నేను కాదనను. అన్నిటినీ ఉంచమనీ అడగను. వందేళ్ల నిబంధనను సడలించి, 1947 తరువాతి ముఖ్య కట్టడాలకు ఒక జాతీయ జాబితా తయారు చేయించమని, అందులో ఉన్న దేనినైనా పడగొట్టే ముందు బహిరంగ ప్రకటన, నిపుణుల పరిశీలన తప్పనిసరి చేయమని కోరుతున్నాను. ఆ హాలు మీదకు యంత్రాలు రాత్రిపూట వచ్చాయి, మంత్రి గారూ.

భవదీయుడు,
ఒక ఆర్కిటెక్ట్