వయ్యారిభామను పీకేస్తే సరిపోదు

సంపాదకులకు,

అయ్యా,

వానలు తగ్గుముఖం పట్టి, హైదరాబాద్ ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ విరగబూసే రోజుల్లో తుమ్ములు, కళ్ల దురద, పిల్లికూతలు ఎక్కువైతే నేరమంతా ఆ మొక్కదేనని అనుకుంటాం. దాన్ని పీకించమని అడగడం న్యాయమే. అయితే అదే పుప్పొడిని డీజిల్ పొగతో కలిపి పీల్చినప్పుడు శరీరం మరింత తీవ్రంగా స్పందిస్తుందన్న సంగతి మన చర్చల్లోకి రావడం లేదు.

డీజిల్ మసి రేణువుల్లో చాలావాటి పరిమాణం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. వాటికి అంటుకున్న రసాయనాలు శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అక్కడి కణాలు పంపే సంకేతాలతో రోగనిరోధక వ్యవస్థ ఎలర్జీ వైపు మొగ్గి ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి హిస్టమిన్ అనే రసాయనాన్ని దాచుకునే మాస్ట్ కణాలకు అతుక్కున్నాక, ఆ పుప్పొడి మళ్లీ తగిలినప్పుడు ఆ హిస్టమిన్ విడుదలై తుమ్ములు, ఆయాసం మొదలవుతాయి.

లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో దీన్ని మనుషుల్లోనే పరీక్షించారు. వయ్యారిభామ కుటుంబానికే చెందిన రాగ్‌వీడ్ అంటే ఎలర్జీ ఉన్నవారి ముక్కులో ఆ మొక్క సారాన్ని మాత్రమే వేసినప్పటికంటే, డీజిల్ రేణువులతో కలిపి వేసినప్పుడు రాగ్‌వీడ్‌పై పనిచేసే ఐజీఈ ఎన్నో రెట్లు పెరిగింది. తర్వాత, ఎలర్జీ తత్వం ఉన్నవారికే, వారి శరీరం అంతకుముందు ఎరగని ఒక సముద్రజీవి ప్రొటీన్‌ను డీజిల్ రేణువులతో పాటు ఇస్తే 15 మందిలో 9 మందికి దానిపై ఐజీఈ పుట్టింది. ప్రొటీన్ ఒక్కటే ఇచ్చినవారిలో ఎవరికీ పుట్టలేదు. ఉన్న ఎలర్జీని పెంచడమే కాక, లేనిదాన్ని కూడా పొగ తెచ్చిపెట్టగలదన్నమాట. పసిపిల్లలున్న ఇళ్లను కలవరపెట్టవలసింది ఈ రెండో సంగతే.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మాత్రం నగరాల పనితీరును ప్రధానంగా పీఎం 10 (పది మైక్రాన్ల వరకు ఉండే రేణువులు) తగ్గుదలతో కొలుస్తోంది. అందుకే రోడ్లు ఊడ్చే యంత్రాలకు, నీళ్లు చల్లే బండ్లకు ప్రాధాన్యం దక్కుతోంది. రోడ్డు దుమ్ము తగ్గడం మంచిదే గానీ, వాహనాల పొగగొట్టాల నుంచి వెలువడే మసిని అవి ఆపలేవు. ఆ మసి చేరే సన్నని రేణువులకు, అంటే పీఎం 2.5కు (రెండున్నర మైక్రాన్ల లోపువి), మన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5.

కాలుష్య నియంత్రణ మండలి రోజూ ప్రకటించే గాలి నాణ్యత అంకెల పక్కన పుప్పొడి లెక్కనూ చేరిస్తే, ఉబ్బసం ఉన్నవారు ఏ రోజు జాగ్రత్తపడాలో తెలుసుకుంటారు. బడి గేట్ల ముందు ఇంజన్ ఆపకుండా నిలిపే బస్సులకు జరిమానా వేయాలి. కాలుష్య ధ్రువపత్రాల తనిఖీ పాత డీజిల్ వాహనాలతో మొదలుకావాలి. వయ్యారిభామను పూతకు ముందే పీకించాలి, పీకినదాన్ని చెత్తతో కలిపి అక్కడే తగలబెట్టడాన్ని జీహెచ్ఎంసీ వెంటనే మాన్పించాలి.

– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్